ఎం.ఎస్. వచ్చాక వ్యాయామ చికిత్స: ఖమ్మం నుంచి నా అనుభవం

నాకు మల్టిపుల్ స్క్లిరోసిస్ (ఎం.ఎస్.) ఉందని 2024 అక్టోబరులో తేలింది. మెదడు, వెన్నుపాము, కంటి నరాల్లో నరం మీద ఉండే మైలిన్ అనే పొర దెబ్బతిని మచ్చలు పడే జబ్బు ఇది. మందుల గురించి, ఇంజెక్షన్ల గురించి చెప్పేవాళ్ళు కొందరైనా దొరికారు. ఆ తర్వాత నెలల తరబడి సాగే ఫిజియోథెరపీ సంగతి మాత్రం ముందుగా ఎవరూ చెప్పలేదు. ఎంత ఖర్చవుతుంది, ఎన్నాళ్ళకు తేడా తెలుస్తుంది, వ్యాయామం చేస్తుండగా కన్ను మసకబారితే ఏం చేయాలి, పాడైన నరం అసలు బాగవుతుందా... ఇవన్నీ ఒక్కొక్కటిగా తెలుసుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఈ దారిలో అడుగుపెడుతున్నవాళ్ళకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నా వయసు 36. ఖమ్మంలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను.

2024 సెప్టెంబరు మొదట్లో ఎడమ కాలి చెప్పు జారిపోవడం మొదలైంది. నాలుగడుగులు వేశాక చూసుకుంటే చెప్పు వెనకే ఉండిపోయేది. జారినట్టు కూడా తెలిసేది కాదు. ఊళ్ళో చూపిస్తే డిస్క్ సమస్య అన్నారు, నడుముకు ఎం.ఆర్.ఐ. తీయించారు, మూడు వారాలు నొప్పి మాత్రలు రాశారు. నాకు నొప్పే లేదు. కాలు బరువుగా, మొద్దుబారినట్టు ఉండేది, అంతే. నెలాఖరుకు కాలేజీ మెట్లు ఎక్కాలంటే రెయిలింగ్ పట్టుకోవాల్సి వచ్చింది. అప్పుడు మా తమ్ముడు హైదరాబాద్‌లో న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన కాలు చూడకముందే అడిగిన ప్రశ్న: "ఇంతకుముందు ఎప్పుడైనా కన్ను మసకబారిందా అమ్మా?" 2021లో కుడికన్ను దాదాపు మూడు వారాలు మసకబారి, స్టెరాయిడ్లతో తగ్గింది. ఆ మాట చెప్పగానే ఆయన మెదడుకు, వెన్నుపాము మొత్తానికి కాంట్రాస్ట్ ఎం.ఆర్.ఐ. రాశారు. దానికి 18 వేలు. వెన్నునీరు తీసి పరీక్షకు పంపారు. ఐదు రోజులు రోజుకో గ్రాము మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఎక్కించారు. నవంబరులో జబ్బును అదుపులో ఉంచే మందు రిటుక్సిమాబ్ మొదలైంది. ఈ ఖర్చులో ఎక్కువ భాగం ఇన్సూరెన్స్ భరించింది. వ్యాయామం విషయానికి వస్తే ఆ మాట అనలేను. అది కింద చెబుతాను.

స్టెరాయిడ్ల తర్వాత కాలు కొంచెం తేలికపడింది. ఇంటికి రాగానే మాత్రం అందరిదీ ఒకటే మాట, కదలొద్దని. మా అత్తయ్య మంచినీళ్ళు కూడా మంచం దగ్గరికే తెచ్చి ఇచ్చేవారు. "ఉన్న ఓపిక కూడా ఖర్చు పెట్టుకోకు తల్లీ" అనేవారు. మా అమ్మ ఫోన్లో రోజూ అదే చెప్పేది. ఎవరిదీ తప్పు కాదు. నరాల జబ్బంటే ఎవరికైనా తోచేది విశ్రాంతే. నవంబరు, డిసెంబరు అలాగే గడిచాయి.

డిసెంబరు మూడో వారంలో రివ్యూకి వెళ్తే న్యూరాలజిస్టు టేపు తీసి రెండు తొడలూ కొలిచారు. ఎడమ తొడ చుట్టుకొలత కుడిదానికంటే రెండు సెంటీమీటర్లు తక్కువ. "కొత్త మచ్చ ఏదీ లేదమ్మా. ఇప్పుడు కాలు నీరసించింది జబ్బు వల్ల కొంత, వాడకపోవడం వల్ల కొంత. రెండోది మన చేతుల్లో ఉంది" అన్నారు. విశ్రాంతి సంగతి అడిగితే, ఒకప్పుడు డాక్టర్లు కూడా అదే చెప్పేవాళ్ళని, 1996లో అమెరికాలోని యూటాలో ఎం.ఎస్. ఉన్నవాళ్ళతో 15 వారాలు వ్యాయామం చేయించి చూసినప్పటి నుంచి ఆ సలహా మారుతూ వచ్చిందని చెప్పారు. నరాల జబ్బుల తర్వాత కదలికలు మళ్ళీ నేర్పే చికిత్సకు, న్యూరో రీహాబిలిటేషన్‌కి, చీటీ రాసిచ్చారు.

అపాయింట్‌మెంట్ నెల తర్వాత దొరికింది, 2025 జనవరి 20న. హైదరాబాద్‌లో కూడా పక్షవాతం తర్వాత ఫిజియో చేసేచోట్లు చాలా ఉన్నాయి కానీ, ఎం.ఎస్. తెలిసినవాళ్ళ కోసం కొంచెం వెతకాలి. నాకు మూడు చోట్ల ఫోన్ చేశాక దొరికింది. కన్సల్టేషన్‌కి 1,200, మొదటి రోజు పరీక్షలకు 2,500, తర్వాత ఒక్కో సెషన్‌కి 800. ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే ఫిజియోథెరపీకి మా పాలసీలో కవరేజీ లేదు. బిల్లులు పంపితే నాలుగు వారాలకు తిరస్కరిస్తూ మెయిల్ వచ్చింది. మీ పాలసీలో ఓపీడీ కవర్ ఉందో లేదో ముందే చూసుకోండి.

మొదటి రోజు పరీక్షలు రెండున్నర గంటలు పట్టాయి. 25 అడుగుల దూరం నేల మీద టేపు అంటించి ఉంటుంది. వీలైనంత వేగంగా, పడిపోకుండా నడవాలి. నాకు 9.2 సెకన్లు పట్టింది. ఆ గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉండే దూరం అది. నేను వేగంగానే నడిచాననుకున్నాను. ఫిజియోథెరపిస్టు స్టాప్‌వాచ్ చూసి ఏమీ అనకుండా రాసుకుంది. తర్వాత ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలనో చూశారు: 268 మీటర్లు. నాలుగో నిమిషం నుంచి ఎడమ కాలి బొటనవేలు నేలకు రాసుకుంటూ వచ్చింది. ఆ చప్పుడు నాకే వినబడుతోంది. చిన్న చిన్న పుల్లల్ని తొమ్మిది రంధ్రాల్లో పెట్టి తీసే పరీక్ష ఇంకోటి. చేతులు బాగానే ఉన్నాయని అది చేశాక కాస్త ధైర్యం వచ్చింది.

ఆ వారంలోనే కంటి నరానికి వి.ఇ.పి. పరీక్ష చేయించమన్నారు. దానికి 1,800. ముందురోజు తలస్నానం చేయాలి, తలకు నూనె రాయకూడదు. ఇది అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడు చెప్పలేదు. మాకు రోజూ కొబ్బరినూనె అలవాటు. నూనె తలతో వెళ్ళినందుకు ఒకామెను నా ముందే వెనక్కి పంపేశారు, పాపం కరీంనగర్ నుంచి వచ్చింది. నేను అదృష్టవశాత్తూ ముందురోజే తలంటుకున్నాను. తల వెనక జిగురులాంటి పేస్టుతో వైర్లు అంటిస్తారు. తెర మీద చదరంగం బల్ల లాంటి నలుపు తెలుపు గళ్ళు మారుతుంటాయి. మధ్యలో ఎర్రచుక్కను చూస్తూ కూర్చోవాలి. కంటికి కనబడింది మెదడు వెనక భాగానికి చేరడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో యంత్రం చెబుతుంది. నా ఎడమకన్నుకు 102, కుడికన్నుకు 131. అంటే 2021లో వాచిన నరం చూపు ఇస్తోంది కానీ ఆలస్యంగా ఇస్తోంది. నాకు ఆ కన్నుతో ఇప్పుడు అక్షరాలన్నీ కనబడతాయి. అయినా ఆ ఆలస్యం అలాగే ఉండిపోయిందని తెలిసినప్పుడు బాధ కలిగింది.

రీహాబ్ డాక్టరమ్మను నేను సూటిగా అడిగాను. "వ్యాయామం చేస్తే ఈ నరం బాగవుతుందా మేడమ్?" ఆవిడ వెంటనే జవాబివ్వలేదు. నరం మీద ఉండే మైలిన్ పొర ఊడిపోయినచోట దాన్ని మళ్ళీ వేసే కణాలు మన మెదడులోనే ఉన్నాయని, ఎం.ఎస్.లో అవి చాలాచోట్ల పని సగంలో వదిలేస్తాయని చెప్పారు. వ్యాయామం ఆ కణాలను కదిలిస్తుందని ఎలుకల్లో చూశారు. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయం వాళ్ళు 2018లో వెన్నుపాములో మైలిన్ దెబ్బతిన్న ఎలుకలకు తిరిగే చక్రం ఇచ్చారు. పరిగెత్తిన ఎలుకల్లో ఆ కణాలు పెరిగాయి, పొర మెరుగ్గా వచ్చింది. 2020లో అమెరికాలోని కొలరాడో వాళ్ళు ఇంకోటి చూశారు. ఎలుకలు ముందుకాలు చాచి గింజ అందుకునే కొత్త పని నేర్చుకుంటే మైలిన్ తిరిగి రావడం మెరుగైంది, అయితే ఎప్పుడు నేర్పారన్నది ముఖ్యం. పొర ఊడిపోతున్న సమయంలో నేర్పితే లాభం లేదు, మరమ్మతు మొదలయ్యాక నేర్పితే ఉంది. "మనుషుల్లో ఇలా జరుగుతోందని చూపించే గట్టి రుజువు ఇంకా లేదు. డెన్మార్క్‌లో 24 వారాలు గట్టిగా వ్యాయామం చేయించి ఎం.ఆర్.ఐ.లు తీశారు. ఫిట్‌నెస్ పెరిగింది, మెదడు కుంచించుకుపోవడంలో మాత్రం తేడా రాలేదు. కాబట్టి నరం బాగవుతుందని నేను మీకు మాట ఇవ్వను. నడక బాగవుతుందని మాత్రం నమ్మకంగా చెబుతాను" అన్నారు. ఆ జవాబు నాకు నచ్చింది. ఆశ పెట్టి డబ్బు గుంజే మనిషి కాదని అర్థమైంది. బయటికొచ్చి ఆటోలో కూర్చున్నాక మాత్రం ఏడుపు ఆగలేదు.

మొదటి రెండు వారాలు హబ్సిగూడలో మా తమ్ముడింట్లో ఉండి రోజు విడిచి రోజు సెంటర్‌కి వెళ్ళాను. పెద్ద పెద్ద పరికరాలు ఉంటాయనుకున్నాను. ఉన్నవి ఒక సైకిలు, పారలల్ బార్లు, రబ్బరు బ్యాండ్లు, ఒక స్టూలు. స్టూలు మీద నుంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడమే సగం చికిత్స. సైకిల్ మీద మూడు నిమిషాలు తొక్కి రెండు నిమిషాలు ఆగాలి. మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత ఆయాసం రావాలి, అది కొలత. క్రమంగా వారానికి 150 నిమిషాలకు చేరడం లక్ష్యమన్నారు. మొదటి వారం నేను కష్టపడితే నలభై నిమిషాలు చేశాను.

అక్కడ నేను ఎప్పటికీ మరిచిపోనిది గడప అభ్యాసం. మీ ఇంట్లో ఎక్కడ తట్టుకుంటున్నారని ఫిజియో అడిగింది. వంటింటి గడప దగ్గర అన్నాను. ఎత్తెంతో మావారిని కొలిచి పంపమంది. మా గడప నాలుగంగుళాలు. అంతే ఎత్తు చెక్కను నేల మీద పెట్టి, ఎడమ కాలు మోకాలి దగ్గర పైకి లేపి దాటించడం, మడమ ముందు ఆనించడం, తర్వాత కుడికాలు. చేతిలో నీళ్ళ గ్లాసుతో దాటడం. వెనక్కి దాటడం. పక్కకి దాటడం. చెప్పుల్లేకుండానే చేయించింది, ఎందుకంటే ఇంట్లో మనం వట్టికాళ్ళతో తిరుగుతాం. మొదట ప్రతిసారీ కాలి వైపు చూస్తేనే లేచేది. రెండో వారం చివరికి చూడకుండా దాటాను. ఆ చిన్న చెక్క దగ్గర నాకు కలిగిన సంతోషం ఇంకెక్కడా కలగలేదు.

ఇంకొకటి, నడుస్తూ లెక్క చెప్పడం. మామూలుగా వంద నుంచి ఏడేసి తగ్గిస్తూ చెప్పమంటారట. నేను లెక్కల టీచర్నని ఎక్కాలు చెప్పమన్నారు. పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెళ్ళ ఇరవై ఆరు... పదమూడు ఏళ్ళ తొంభై ఒకటి దగ్గరికి వచ్చేసరికి కాలు నేలకు రాసుకునేది. కాలు సరిచేసుకుంటే ఎక్కం ఆగిపోయేది. పదో తరగతి నుంచి నిద్రలో అడిగినా చెప్పే ఎక్కం అది. మెదడు నడకకు ఎంత ధ్యాస ఖర్చు పెడుతోందో అప్పుడు తెలిసింది. క్లాసులో బోర్డు ముందు నడుస్తూ పాఠం చెబితే సాయంత్రానికి ఎందుకు కూలబడిపోతున్నానో కూడా.

పాదం కిందికి వాలకుండా ప్లాస్టిక్ స్ప్లింట్ ఇచ్చారు, 2,200. అది వేసుకుంటే నడక వెంటనే బాగుంటుంది. కానీ అది చెప్పుల్లో పట్టదు, మూసి ఉండే బూటు కావాలి, అదీ ఎడమ కాలికి ఒక సైజు పెద్దది. రెండు జతలు కొని చెరొకటి వాడాల్సి వచ్చింది. ఇంట్లో, గుడిలో, చుట్టాలింట్లో బూటు విప్పాలి కాబట్టి అక్కడ స్ప్లింట్ ఉండదు. అందుకే వట్టికాలి అభ్యాసం మానొద్దని ఫిజియో గట్టిగా చెప్పింది. చీర కుచ్చిళ్ళు కూడా ఆ స్ప్లింట్‌లో చిక్కుకుంటాయి. కాలేజీకి చుడీదార్‌కి మారాను.

ఫిబ్రవరి మొదట్లో శాతవాహనలో ఖమ్మం తిరిగి వచ్చాను. రైలు మెట్లు ఎక్కడం కూడా సెంటర్‌లో చేయించే పంపారు: మంచికాలు పైకి, దిగేటప్పుడు నీరసమైన కాలు ముందు. ఖమ్మంలో మాకు దగ్గర్లో ఉన్న ఫిజియోథెరపిస్టు పెద్దాయన. మోకాళ్ళు, పక్షవాతం కేసులు చూసినవారే కానీ ఎం.ఎస్. కేసు నాదే మొదటిదని ఆయనే చెప్పారు. "మీ హైదరాబాద్ వాళ్ళతో ఫోన్లో మాట్లాడించమ్మా, నేనూ నేర్చుకుంటాను" అన్నారు. అలాంటి మనిషి దొరకడం నా భాగ్యం. వారానికి రెండు రోజులు ఆయన దగ్గర, సెషన్‌కి 400. మిగతా రోజులు ఇంట్లో. వారానికోసారి హైదరాబాద్ నుంచి వీడియో కాల్, దానికి 500. పాత వ్యాయామ సైకిల్ ఒకటి 4,500కి కొన్నాం.

మార్చి రెండో వారంలో ఒక సాయంత్రం సైకిల్ తొక్కుతున్నాను. ఇరవయ్యో నిమిషానికి గోడ మీద క్యాలెండర్‌లో అంకెలు కరిగిపోయినట్టయ్యాయి. ఎడమకన్ను మూసి చూస్తే అంతా బూడిదరంగు. గుండె ఝల్లుమంది. మళ్ళీ వచ్చేసిందనుకున్నాను. మావారు నన్ను దించి మంచం మీద పడుకోబెట్టి ఫ్యాన్ కింద తడి తువ్వాలు మెడకు చుట్టారు, న్యూరాలజిస్టుకి మెసేజ్ పెట్టారు. అరగంట దాటాక అంకెలు మెల్లగా తిరిగొచ్చాయి. డాక్టరు రాత్రి ఫోన్ చేసి చెప్పింది ఇది: మైలిన్ దెబ్బతిన్న నరం ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా సంకేతాన్ని సరిగా పంపలేదు. చల్లబడితే మళ్ళీ పంపుతుంది. ఊథాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు 1890లోనే ఇది గమనించాడట, అందుకే ఆయన పేరు పెట్టారు. నరానికి కొత్తగా నష్టమేమీ జరగదు. జ్వరం, ఇన్ఫెక్షన్ లేకుండా 24 గంటలు దాటి లక్షణం నిలిచి ఉంటేనే రిలాప్స్, అంటే జబ్బు తిరగబెట్టిందని, అనుమానించాలి. ఈ ఒక్క మాట మొదటి రోజే చెప్పి ఉంటే మాకు ఆ రాత్రి టెన్షన్ ఉండేది కాదు. మా అత్తయ్య ఆ రాత్రి సైకిల్‌ని పక్కగదిలో పెట్టి తాళం వేశారు. మరుసటి రోజు ఖమ్మం ఫిజియో సారు ఇంటికొచ్చి ఆవిడకు కూర్చోబెట్టి చెబితే గానీ తాళం ఇవ్వలేదు.

తర్వాత పద్ధతి మార్చాం. వ్యాయామానికి ముందు, మధ్యలో చల్లటి నీళ్ళు గుక్కగుక్కగా తాగడం, మెడకు తడి తువ్వాలు, ఎదురుగా టేబుల్ ఫ్యాన్. ఆస్ట్రేలియాలో ఎం.ఎస్. ఉన్నవాళ్ళు వేడిలో చన్నీళ్ళు తాగుతూ తొక్కితే ఎక్కువసేపు తొక్కగలిగారని వీడియో కాల్‌లో ఫిజియో చెప్పింది. కూలింగ్ వెస్ట్ అని ఒంటిని చల్లబరిచే కోటు ఉంటుంది, ధర చూసి వదిలేశాం. చన్నీళ్ళతో ఇంకో చిక్కు వచ్చింది, ఇది ఆడవాళ్ళు పైకి చెప్పుకోరు కాబట్టి నేను చెబుతున్నాను. ఎం.ఎస్.లో మూత్రం ఆపుకోలేకపోవడం చాలామందికి ఉంటుంది, నాకూ ఉంది. నీళ్ళు తాగితే భయం, తాగకపోతే వేడి. నేను కాలేజీలో మధ్యాహ్నం దాకా నీళ్ళు ముట్టేదాన్ని కాదు. రీహాబ్ డాక్టరమ్మ దీనికి విడిగా కటి కండరాల వ్యాయామాలు, వేళకు వెళ్ళే పద్ధతి నేర్పారు. ఆరేడు వారాలకు గుణం కనిపించింది. సిగ్గుపడి అడగకపోతే ఆ వ్యాయామాలు ఎవరూ వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

అలసట గురించి కూడా చెప్పాలి. కండరం అలసట వేరు, ఎం.ఎస్. అలసట వేరు. కండరం అలసిపోతే కూర్చుంటే పోతుంది. రెండోది వస్తే పళ్ళు తోముకోవడానికి చెయ్యి లేపాలన్నా ఆలోచించాలి. నాకు ఇచ్చిన నియమం: వ్యాయామం ఆపాక రెండు గంటలకూ అలసట తగ్గకపోతే, మరుసటి రోజు పావు వంతు తగ్గించు, పూర్తిగా మానకు. రోజూ రాత్రి పుస్తకంలో పదికి ఎంతో ఒక అంకె వేసేదాన్ని. ఫిబ్రవరిలో ఎక్కువగా ఏడు, ఎనిమిది. ఏప్రిల్‌కి ఐదు, ఆరు.

పన్నెండు వారాలకు, ఏప్రిల్ మధ్యలో, మళ్ళీ హైదరాబాద్ వెళ్ళాను. 25 అడుగులకు 7.8 సెకన్లు. ఆరు నిమిషాల్లో 322 మీటర్లు. తొడల తేడా సెంటీమీటరు లోపు. మావారు సంబరపడ్డారు. నేను లెక్కలు చెప్పేదాన్ని కదా, సుమారు 15 శాతం తగ్గిందని అక్కడే వేశాను. ఈ పరీక్షలో 20 శాతం మారితే నిఖార్సైన మార్పుగా తీసుకుంటారని, ఇంకొంచెం దూరం ఉందని ఫిజియో చెప్పింది.

మే నెల ఖమ్మంలో ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. పొద్దున తొమ్మిదికే గోడలు వేడెక్కుతాయి. ఎం.ఎస్. ఉన్నవాళ్ళకు అది ఎండ మాత్రమే కాదు, కాలు కదలకపోవడం. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి ఐదింటికి డాబా మీద నడిచేదాన్ని. ఆరున్నరకల్లా అయిపోవాలి. కరెంటు పోయిన రోజు సైకిల్ లేదు, పడుకుని చేసే బ్యాండ్ వ్యాయామాలు మాత్రమే. ఆ నెల 150 నిమిషాలు ఏ వారమూ చేరలేదు. కింద పడకుండా గడిపామంతే.

జూన్‌లో కాలేజీ తెరిచారు. మా ప్రిన్సిపాల్ గారు నా క్లాసులన్నీ కింది అంతస్తుకు మార్చారు, వరసగా రెండు పీరియడ్లు పడకుండా చూశారు. జులైలో వైరల్ జ్వరం వచ్చి రెండు రోజులు ఎడమ కాలు అసలు లేవలేదు. బాత్రూమ్‌కి మావారు ఎత్తుకుని తీసుకెళ్ళారు. జ్వరం దిగాక కాలు తిరిగొచ్చింది కానీ బలం మునుపటి స్థాయికి రావడానికి మూడు వారాలు పట్టింది. అప్పుడు నాకు బాగా దిగులు పట్టుకుంది. ఆరు నెలల శ్రమ రెండు రోజుల్లో పోయిందనిపించింది. పోలేదని ఆగస్టులో నడిచాక తెలిసింది.

సెప్టెంబరు చివర్లో ఎం.ఎస్. ఉన్నవాళ్ళ మా వాట్సాప్ గ్రూపు అంతా ఒకటే హడావుడి. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం వాళ్ళు బార్సిలోనాలో జరిగిన ఎం.ఎస్. సదస్సులో ఫలితాలు చెప్పారు. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్, అలర్జీకి వాడే పాత మందు క్లెమాస్టిన్ కలిపి ఇస్తే మైలిన్ మరమ్మతుకు తోడ్పడినట్టు కనిపించిందని. ఇద్దరు ముగ్గురు ఆ మందులు ఎక్కడ దొరుకుతాయో అప్పుడే అడగడం మొదలుపెట్టారు. నేను న్యూరాలజిస్టును అడిగాను. ఆయన ఓపికగా చెప్పారు. 70 మంది మీద ఆరు నెలలు చేసిన పరీక్ష అది. కంటి నరం వేగంలో చిన్న తేడా కనబడింది, రోగుల వైకల్యంలో మాత్రం మార్పు రాలేదు. అంతకుముందు 2017లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక్క క్లెమాస్టిన్‌తో 50 మందిని చూశారు. ఆ వి.ఇ.పి. ఆలస్యం సగటున 1.7 మిల్లీసెకన్లు తగ్గింది, అలసట మాత్రం పెరిగింది. అమెరికాలో ఇంకో పరీక్షలో, ప్రోగ్రెసివ్ (క్రమంగా ముదిరే) రకం ఎం.ఎస్. ఉన్న ముగ్గురికి క్లెమాస్టిన్ మీద ఉండగా వైకల్యం వేగంగా పెరగడంతో అది ఇవ్వడం ఆపేశారు. "సొంతంగా కొని వేసుకోవద్దు" అన్నారు. ఆ మాటలన్నీ గ్రూపులో రాశాను. ఒకరు ముందే మొదలుపెట్టేశారట, ఆపి వాళ్ళ డాక్టర్ని కలిశారు.

నాకు మాత్రం ఆ వార్తలో ఆశ కనబడింది. కాల్గరీ వాళ్ళు ఎలుకల్లో పరుగును, క్లెమాస్టిన్‌ను కలిపి చూసినప్పుడు విడివిడిగా కంటే కలిపితే ఎక్కువ ఫలితం వచ్చింది. రేపు ఏదైనా మంచి మందు తేలితే, అది కొత్తగా వేసే పొర పనిలోకి రావాలంటే కాలికి కండ ఉండాలి, కీలు బిగుసుకోకుండా ఉండాలి, మెదడుకు ఆ నడక గుర్తుండాలి. నేను ఈ సైకిల్ తొక్కుతున్నది అందుకని నాకు స్పష్టంగా తెలుసు. పొద్దున లేవబుద్ధి కానప్పుడు నన్ను లేపేది ఈ ఆలోచనే.

2025 అక్టోబరు చివర్లో పరీక్షలన్నీ మళ్ళీ చేశారు. ఎం.ఆర్.ఐ.లో కొత్త మచ్చల్లేవు, అది మందు చేసిన పని. 25 అడుగులకు 7.3 సెకన్లు. ఆ 20 శాతం దాటింది. ఆరు నిమిషాలకు 335 మీటర్లు, బొటనవేలు రాసుకోవడం చివరి నిమిషంలో మాత్రమే. కుడికన్ను వి.ఇ.పి. 130. జనవరిలో 131. ఒక్క అంకె తేడా యంత్రం తేడాయే, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దని చెప్పారు. ముందే చెప్పిన మాటే అయినా కాగితం చేతికి వచ్చేదాకా లోపల ఎక్కడో ఎదురుచూశాను. నాలుగేళ్ళ కిందటి మచ్చ అది, కాలితో చేసే వ్యాయామం కంటి నరాన్ని మార్చాలని అడగడం సబబు కాదని డాక్టరమ్మ అన్నారు. వెన్నుపాములో, కాలి దారిలో ఏం జరిగిందో కొలిచే పరీక్ష మామూలు ఆసుపత్రుల్లో అంతగా చేయరట. కాబట్టి నా నడక బాగైంది కండ వల్లనా, మెదడు వేరే దారి వెతుక్కోవడం వల్లనా, ఎక్కడైనా పొర తిరిగొచ్చిందా అన్నది నాకు ఎవరూ చెప్పలేరు.

ఖర్చు మొత్తం కలిపితే, రైళ్ళు, బూట్లు, స్ప్లింట్, సైకిల్‌తో సహా ఈ పది నెలల వ్యాయామానికి 70 వేలు దాటింది. మొదటి మూడు నెలల్లోనే సగం పైన అయింది. ఇప్పుడు నెలకు 2,500 లోపే. వీడియో కాల్ నెలకోసారి చాలన్నారు. ఎం.ఎస్. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉంది కాబట్టి వికలాంగుల గుర్తింపు కార్డు అయిన యూడీఐడీ కార్డుకు అర్జీ పెట్టాను, ఇంకా పిలుపు రాలేదు. వచ్చే పరీక్షలు 2026 ఏప్రిల్‌లో. ఈలోపు కొత్త పని ఒకటి నేర్చుకోమన్నారు, కాలితో చేసేది, ఇంతకుముందు ఎన్నడూ చేయనిది. మా వీధిలో ఒకమ్మాయి పిల్లలకు కూచిపూడి నేర్పుతుంది. తొలి అడుగులు కుర్చీ పట్టుకుని చేయొచ్చా అని అడిగితే శనివారం రమ్మంది.